బాగుందన్నారు, చదవలేదు: ఒక విద్యార్థి సంగీత పత్రిక కేస్ స్టడీ

నేను పత్రికలకు పేజీలు డిజైన్ చేస్తాను. విద్యార్థులు తెచ్చే పత్రికలకు సలహాదారుగా కూడా ఉంటాను. అలా నా దగ్గరికి వచ్చిన ఒక సంగీత పత్రిక కథ ఇది. బృందాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఇందులో ఒక గాయని ప్రస్తావన ఉంది. ఆ భాగాన్ని ఆమెకు చూపించి, సరేనన్నాకే ఇక్కడ పెడుతున్నాను. లేఅవుట్ బాగాలేదని వచ్చిన కేసులో అసలు లోపం ఇంకెక్కడో ఉందని ఎలా తేలిందో రాస్తే ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని నా నమ్మకం.

నేపథ్యం

ఐదుగురి బృందం. ఒక ఎడిటర్, ఒక డిజైనర్, ఇద్దరు రచయితలు, ఒక ఫొటోగ్రాఫర్. అందరూ పాట అంటే ప్రాణం పెట్టేవాళ్లే. తోటి విద్యార్థుల బ్యాండ్‌ల గురించి, సొంతంగా పాటలు కట్టుకునే వాళ్ల గురించి 24 పేజీల ఏ4 పత్రిక తేవాలని పూనుకున్నారు. మధ్యలో మడిచి పిన్నులు కొట్టే రకం. ప్రింట్ కాపీలు కొన్ని, మిగతా వాళ్లకు ఫోన్‌లో పీడీఎఫ్. లోపల ఒక పెద్ద ఇంటర్వ్యూ, ఆల్బమ్ రివ్యూలు, కచేరీ రిపోర్టులు, ప్రాక్టీస్ చిట్కాలు, వాయిద్యాల మీద ఒక కాలమ్, రాబోయే కార్యక్రమాల పట్టిక.

నా దగ్గరికి వచ్చేసరికి డమ్మీ కాపీ, అంటే అచ్చుకు ముందు చూసుకునే నమూనా, తయారైపోయింది. రాత్రిళ్లు కూర్చుని చేసిన పని అని చూడగానే తెలుస్తుంది. ప్రతి పేజీలోనూ కష్టం కనిపించింది.

వచ్చిన సమస్య

ఎడిటర్ అడిగింది సూటిగా ఒకటే. "సర్, కవర్ అంత బాగా రాలేదు. మంచి ఫాంట్లు ఏవైనా చెప్పండి."

ఎందుకు బాగా రాలేదనుకుంటున్నావని అడిగితే అసలు సంగతి బయటపడింది. డమ్మీని కొంతమంది స్నేహితులకు ఇచ్చి, ఒక ఫారం కూడా నింపించారు. దాదాపు అందరూ "సూపర్", "చాలా బాగుంది" అనే రాశారు. కానీ తర్వాత మాటల్లో ఇంటర్వ్యూ గురించి అడిగితే పూర్తిగా చదివినవాళ్లు ఒక్కరూ తేలలేదు. ఇది ఎడిటర్‌ను బాగా బాధపెట్టింది. అన్నిటికంటే ఎక్కువ శ్రమ పడింది ఆ ఇంటర్వ్యూకే.

బాగుందన్నారు, చదవలేదు. ఈ రెండూ ఒకేసారి నిజమైనప్పుడు ఫాంట్ మార్చడం మొదటి అడుగు కాకూడదనిపించింది. అందంగా లేకపోతే చదవరు. అయితే అందంగా ఉన్నా చదవకపోవడానికి కారణం వేరే ఉంటుంది.

డమ్మీలో నేను చూసింది చెబుతాను. కవర్ మీద గిటార్ ఫొటో, దాని చుట్టూ లోపలి కథలను పరిచయం చేసే తొమ్మిది కవర్ లైన్లు, ఐదు రకాల అక్షరాలు. విషయసూచికలో అన్ని శీర్షికలూ ఒకే సైజులో, వరసగా. ఇంటర్వ్యూ 8, 9 పేజీల్లో, నల్లని నేల మీద తెల్లని చిన్న అక్షరాలతో, మొదటి నుంచి చివరి దాకా ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. సుమారు 2,600 మాటలు. మొదటి ప్రశ్న: "మీకు సంగీతం మీద ఆసక్తి ఎలా కలిగింది?"

కవర్‌ను చివరికి వదిలేద్దామని బృందంతో చెప్పాను. కవర్ అనేది లోపల ఏముందో చెప్పే మాట. లోపలున్న వాటిలో ఏది పెద్దదో తేలకుండా దాన్ని దిద్దితే మళ్లీ తొమ్మిది లైన్లే వస్తాయి. అందుకని ముందు ఐదుగురినీ విడివిడిగా ఒక కాగితం మీద రెండు విషయాలు రాయమన్నాను: ఈ పత్రిక ఎవరు చదవాలి, ఈ సంచికలో ముఖ్యమైన కథ ఏది. ఐదు కాగితాల్లో ఐదు రకాల జవాబులు వచ్చాయి. డిజైనర్ దృష్టిలో పాఠకుడు వాయిద్యం వాయించేవాడు, ఎడిటర్ దృష్టిలో పాటలు వినేవాడు. ముఖ్యమైన కథ ఇంటర్వ్యూ అని ఇద్దరే రాశారు. ఇది తెలియకుండా డిజైనర్ దేన్ని పెద్దగా వేస్తాడు? అందుకే అన్నీ పెద్దగా వేశాడు.

ప్రయత్నించినవి, ఫలించనివి

మొదటి ప్రయత్నం పాత సంగీత పత్రికలను పరిశీలించడం. ఇది వాళ్ల ఆలోచనే, మంచిదే. అయితే వాళ్లు వాటిలోంచి తెచ్చుకున్నది పైపై రూపం మాత్రమే: చిరిగిన కాగితం అంచులు, వంకరగా తిప్పిన శీర్షికలు, ఒకదాని మీద ఒకటి పడే అక్షరాలు. చదవడం కష్టంగా ఉందని నేనంటే డిజైనర్ దగ్గర గట్టి జవాబే ఉంది. 1990లలో అమెరికాలో వచ్చిన రే గన్ సంగీత పత్రికను చూపించాడు. దాని ఆర్ట్ డైరెక్టర్ డేవిడ్ కార్సన్ 1994లో గాయకుడు బ్రయాన్ ఫెర్రీ ఇంటర్వ్యూ విసుగ్గా ఉందని మొత్తం జాఫ్ డింగ్‌బ్యాట్స్‌లో, అంటే అక్షరాలకు బదులు గుర్తులు వచ్చే ఫాంట్‌లో వేసేశాడు. "వాళ్లు చేస్తే స్టైల్, మేం చేస్తే తప్పా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. చిన్నవాళ్లలో ఆ తెగువ ఉండాలి కూడా. నేను చెప్పింది ఇది: అదే సంచిక చివర్లో ఆ ఇంటర్వ్యూను చదవగలిగే ఫాంట్‌లో మళ్లీ అచ్చేశారు. చదవాలనుకున్న పాఠకుడికి దారి మూయలేదు. పైగా అది ఆ ఇంటర్వ్యూ మీద డిజైనర్ తీర్పు. మీ ఇంటర్వ్యూ మీద మీ తీర్పు ఏమిటి? విసుగ్గా ఉందనా, అందరూ చదవాలనా? చదవాలనే అన్నాడు. అక్కడితో ఆ దారి ఆగిపోయింది.

రెండో ప్రయత్నం శుభ్రం చేయడం. ఐదు ఫాంట్లను రెండుకు తెచ్చాం. ప్రతి పేజీకి మూడు కాలమ్‌ల గ్రిడ్, అంటే అన్నీ వరసలో కూర్చునేలా పేజీని విభజించే చట్రం, వేశాం. మార్జిన్లు సమానం చేశాం, శీర్షికలకు సైజులు నిర్ణయించాం. ఇది సరైన పనే, ఏ పత్రికకైనా చేయాల్సిందే. పేజీలు తేటపడ్డాయి. బృందానికి ఊపిరి తీసుకున్నట్టయింది. అయినా కొత్త పేజీలను మరికొంతమందికి ఇస్తే ఇంటర్వ్యూ దగ్గర మళ్లీ అదే జరిగింది. మొదటి కాలమ్ సగం చదివి పేజీ తిప్పేశారు.

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆలోచించింది ఇక్కడే. అడ్డు పడేదంతా తీసేశాక కూడా చదవలేదంటే అక్కడ లాగేది ఏదీ లేదన్నమాట. గ్రిడ్ వస్తువులను వరసలో పెడుతుంది. వాటిలో ఏది ముందు, ఏది వెనక అన్నది గ్రిడ్ చెప్పదు, రాసినవాళ్లు చెప్పాలి. ఇరవై ప్రశ్నలు సమానమైన బరువుతో ఉన్నప్పుడు పేజీ కూడా సమానంగానే కనిపిస్తుంది. కన్ను ఎక్కడా నిలబడదు.

మూడో ప్రయత్నం పెద్ద ఫొటో. గాయని ఫొటోను పేజీ నిండా పెడదామన్నారు. ఫొటో బాగుంది, కానీ అది వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన కాపీ. పొడవు వైపు 1,600 పిక్సెళ్లు. ఏ4 పేజీకి చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (అచ్చయ్యాక కత్తిరించేసే అదనపు అంచు) కలిపితే 216 × 303 మిల్లీమీటర్లు. మామూలుగా కోరే 300 పీపీఐకి, అంటే అంగుళానికి 300 పిక్సెళ్లకు, దాదాపు 2,551 × 3,579 పిక్సెళ్లు కావాలి. ఈ కాపీతో 134 పీపీఐ దగ్గర ఆగిపోతుంది. ఫోన్ తెర మీద మెరిసిన ముఖం ప్రూఫ్‌లో, అంటే పరీక్షగా తీసిన అచ్చులో, మసకగా వచ్చింది. అసలు ఫైల్ ఫోన్‌లోంచి ఎప్పుడో తీసేశారు. మళ్లీ ఫొటో తీయక తప్పలేదు. ఆ ఆలస్యం తర్వాత మాకు మేలే చేసింది. రెండోసారి ఫొటో తీసేనాటికి కథ ఏమిటో తెలిసిపోయింది.

పనిచేసినవి

అభిప్రాయాలు అడగడం మానేసి చదివే తీరును గమనించడం మొదలుపెట్టాం. అసలు సైజులో ప్రింట్ తీసి, మడిచి, పిన్ను కొట్టి ఒక పాఠకుడి చేతికి ఇవ్వడం. ఏమీ అడగకుండా పక్కన కూర్చోవడం. చెయ్యి ఎక్కడ ఆగింది, ఏ పేజీ గబుక్కున తిరిగింది, ఎక్కడ వెనక్కి వచ్చారు అన్నది రాసుకోవడం. పత్రిక మూసేశాక ఒకే ప్రశ్న: "ఏం గుర్తుంది?" స్నేహితుడి ముందు ఎవరైనా "బాగుంది" అనే అంటారు, అందులో తప్పేమీ లేదు. గుర్తుంచుకోవడం మాత్రం మొహమాటానికి లొంగదు.

రెండు చోట్ల చేతులు ఆగాయి. ఒకటి ప్రాక్టీస్ చిట్కాల పేజీ అడుగున ఉన్న చిన్న బాక్స్. పక్కింటివాళ్లకు ఇబ్బంది కలగకుండా దిండు మీద కర్రలతో సాధన చేసే డ్రమ్మర్ మాటలు అందులో ఉన్నాయి. రెండోది మేం ఊహించనిది. ఇంటర్వ్యూను చివరి నుంచి చూసిన ఒకమ్మాయికి ఆఖరి కాలమ్‌లో ఒక వాక్యం కంటపడింది. స్వరతంతువుల మీద నాడ్యూల్స్ (చిన్న బుడిపెలు) వచ్చి చాలాకాలం పాడలేకపోయానని గాయని మామూలుగా చెప్పిన మాట. ఆ అమ్మాయి వెంటనే మొదటికి వెళ్లి ఇంటర్వ్యూ అంతా వెతికింది. దాని గురించి ఇంకేమీ లేదు. "తర్వాత ఏమైంది?" అని మమ్మల్నే అడిగింది.

గొంతు పోగొట్టుకుని మళ్లీ పాడిన మనిషి తమ ఎదురుగా కూర్చుంటే, ఇష్టమైన రంగు ఏమిటని అడిగి వచ్చారు మన రచయితలు. ఇది వాళ్లకు చెప్పినప్పుడు ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మళ్లీ వెళ్తామని వాళ్లే అన్నారు.

వెళ్లే ముందు ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. ఇది ఆమె ఆరోగ్యానికి సంబంధించిన విషయం. మాటల్లో దొర్లిన ఒక వాక్యం అచ్చు కావడం వేరు, అదే కవర్ మీదికి ఎక్కడం వేరు. ఒకసారి ఇంటర్వ్యూకి ఒప్పుకున్నారు కదా అని దానినే అనుమతిగా తీసుకోకూడదన్నాను. ఎడిటర్ ఆమెను కలిసి ఏం రాయాలనుకుంటున్నారో, ఎక్కడ వేయాలనుకుంటున్నారో వివరంగా చెప్పింది. జాలి కలిగేలా రాయొద్దు, ఏడుపు ముఖం ఫొటో వేయొద్దు అన్న షరతు మీద ఆమె ఒప్పుకుంది. ఆ షరతే మాకు డిజైన్‌లో దారి చూపించింది. కొత్త ఫొటోలో ఆమె మైక్ ముందు, నోరు విప్పబోయే ముందు క్షణంలో, నేరుగా పాఠకుడి వైపు చూస్తూ ఉంది.

రెండోసారి మాట్లాడి వచ్చాక ప్రశ్న-జవాబు పద్ధతి వదిలేశారు. గొంతు బొంగురుపోయిన మొదటి రోజుల నుంచి మొదలుపెట్టి, మౌనంగా ఉండాల్సి వచ్చిన కాలం, వాయిస్ థెరపీ, మళ్లీ వేదిక ఎక్కడం దాకా కథగా రాశారు. 2,600 మాటలు 1,400 అయ్యాయి. ఇప్పుడు పాడే ముందు ఆమె గొంతును ఎలా సిద్ధం చేసుకుంటుందో పక్కన బాక్స్‌గా పెట్టారు. శీర్షిక, దాని కింద రెండు వాక్యాల ఇంట్రో, పేజీ మధ్యలో పెద్దగా వేయాల్సిన ఆమె మాట ఒకటి, అన్నీ రాసేటప్పుడే తేలిపోయాయి. డిజైనర్ ఆ రాతప్రతి చదివి, ఎవరూ చెప్పకుండానే, "ఇది రెండు పేజీల్లో ఒకే ఫొటోతో రావాలి" అన్నాడు. అంతవరకు అతను ఏ వ్యాసాన్నీ పూర్తిగా చదవకుండానే పేజీలో పోస్తున్నాడని అప్పుడే తెలిసింది.

తర్వాత డిజైన్ నిర్ణయాలు వేగంగా జరిగాయి, ప్రతిదానికీ ఒక కారణం దొరికింది కాబట్టి. ఇంటర్వ్యూను 8-9 నుంచి 12-13కి మార్చాం. పిన్ను కొట్టే 24 పేజీల పత్రికలో 12, 13 పేజీలు ఒకే కాగితం మీద పడతాయి, కాబట్టి మడత దాటే ఫొటో చక్కగా కలుస్తుంది. 8, 9 వేర్వేరు కాగితాల మీద అచ్చై పక్కపక్కకు వస్తాయి. ఒక మిల్లీమీటరు జరిగినా గీత తెలిసిపోతుంది. ఎక్కడైనా ముఖం మాత్రం మడతలో పడకూడదు. అందుకే ఆమెను ఎడమ పేజీలో ఉంచి, కుడి పేజీలోకి ఖాళీ నేపథ్యాన్ని మాత్రమే రానిచ్చాం.

అక్షరాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లిష్ పత్రికల కొలతలు తెచ్చి తెలుగుకు పెట్టడం చాలాచోట్ల చూస్తున్నాను. ఇంగ్లిష్‌లో 9 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్ల లీడింగ్ (వరుసకూ వరుసకూ మధ్య దూరం) సరిపోతుంది. తెలుగులో కింద ఒత్తులు, పైన గుడులు, ఏత్వాలు ఉంటాయి. అంత ఇరుకులో పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. మేం ఎంచుకున్న ఫాంట్‌లో 11 పాయింట్ల అక్షరానికి 16 పాయింట్ల లీడింగ్ దగ్గర చదవడం సుఖంగా అనిపించింది. మూడు కాలమ్‌ల గ్రిడ్ కూడా ఇక్కడే ఎదురు తిరిగింది. మన మాటలు పొడవు. విభక్తులు, క్రియలు కలిసిపోయి ఒక్క మాటే సన్నని కాలమ్‌లో సగం ఆక్రమిస్తుంది. రెండు వైపులా సమానంగా సర్దితే మాటల మధ్య పెద్ద సందులు పడతాయి. రెండు కాలమ్‌లకు మార్చి, కుడి అంచును స్వేచ్ఛగా వదిలేశాక ఆ సందులు పోయాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేరాగ్రాఫ్ కంపోజర్ అనే సెట్టింగ్‌ను వరల్డ్-రెడీకి మార్చడం మర్చిపోతే ఒత్తులు విడిపోతాయి, అదీ చూసుకోవాలి. పేరా మొదటి అక్షరాన్ని పెద్దగా వేసేటప్పుడు "స్వ" లాంటిది వస్తే ఒత్తుతో సహా మొత్తం పెరగాలి.

నల్లని నేల తీసేశాం. అచ్చులో నాలుగు రంగులూ కలిసే నలుపు మీద చిన్న తెల్ల అక్షరం వేస్తే, ఒక్కో రంగును అచ్చేసే ప్లేట్లు ఏమాత్రం జరిగినా సన్నని గీతలు పూడుకుపోతాయి. చదివే అక్షరం తెల్లని నేల మీద కేవలం నల్ల సిరాతో ఉండాలి. కవర్ మీద డిజైనర్‌కు ఎంతో ఇష్టమైన నియాన్ పచ్చ కూడా ప్రూఫ్‌లో వెలిసిపోయింది. తెర వెలుగుతో చూపించే ఆర్‌జీబీ రంగుల్లో కొన్నింటిని అచ్చులో వాడే నాలుగు సీఎంవైకే సిరాలు పుట్టించలేవు. దాని బదులు పసుపు సిరాకు కొద్దిగా మెజెంటా (గులాబీ ఛాయ సిరా) కలిపిన గాఢమైన పసుపు తీసుకున్నాం. ఆ రంగు అచ్చులో నిలబడింది.

చివరికి కవర్. కవర్ లైన్లను ఎడమ వైపు పేర్చడం పత్రికల్లో పాత అలవాటు. దుకాణంలో కాపీలు ఒకదాని మీద ఒకటి వరుసగా పెడితే ఎడమ అంచే కనిపిస్తుంది కాబట్టి అలా వచ్చింది. ఈ పత్రిక దుకాణానికి వెళ్లదు. బల్ల మీద పడుకుని ఉంటుంది, లేదా ఫోన్‌లో చిన్న బొమ్మగా వస్తుంది. కాబట్టి ఆ అలవాటు ఇక్కడ అవసరం లేదు. కవర్‌ను బొటనవేలి గోరంత సైజుకు తగ్గించి చూశాం. ఆ సైజులో పత్రిక పేరు, ముఖం, ఒక వాక్యం తెలియాలి. ఆ వాక్యం గాయనిది. మిగతా మూడు లైన్లు చిన్నగా, అడుగున. అందులో ఒకటి దిండు మీద డ్రమ్స్ వాయించే మనిషిది. ఫోన్ కోసం ఏ4 పేజీలనే పంపకుండా ఒకే కాలమ్‌తో విడిగా ఒక పీడీఎఫ్ చేశారు.

ఇంకో రెండు దిద్దుబాట్లు. ఒక రివ్యూలో వేరొకరి పాట సాహిత్యం మొత్తం ఇచ్చారు, ఇంకోచోట ఇంటర్నెట్‌లో దొరికిన కచేరీ ఫొటో వాడారు. రెండింటికీ హక్కుదారులు ఉంటారు, రెండూ తీసేయించాను. విద్యార్థి పత్రిక కదా అన్నది అనుమతి కాదు.

ఫలితం

మళ్లీ అదే పద్ధతిలో గమనించాం. ఇంటర్వ్యూ దగ్గర చాలామంది ఆగారు, చివరిదాకా చదివినవాళ్లు కనిపించారు. "ఏం గుర్తుంది?" అంటే గాయని మౌనంగా గడిపిన రోజుల గురించి చెప్పారు. లేఅవుట్ గురించి ఎవరూ ఏమీ అనలేదు. డిజైనర్ మొదట కొంచెం చిన్నబుచ్చుకున్నాడు, తర్వాత అర్థం చేసుకున్నాడు.

నేర్చుకున్నవి

ఈ కేసు తర్వాత నేను డమ్మీని చూసే వరుస మారింది. ముందు వ్యాసాల రాతప్రతి చదువుతాను, పేజీలు తర్వాత. ప్రతి వ్యాసానికీ ఒక్క వాక్యంలో "ఇందులో ఏం జరిగింది?" అన్నదానికి జవాబు ఉందా అని చూస్తాను. లేకపోతే అది డిజైనర్ దగ్గరికి వెళ్లకూడదు. ఫ్లాట్ ప్లాన్ (ఏ పేజీలో ఏది వస్తుందో చూపే పటం) వేసేటప్పుడు రచయితలూ డిజైనరూ ఒకే బల్ల దగ్గర ఉండాలని పట్టుబడతాను. ఫొటోలు అసలు ఫైళ్లుగా ఒకచోట చేరాకే పేజీ మొదలు. గ్రిడ్‌కూ ఫాంట్లకూ విలువ తక్కువేమీ కాదు, కాకపోతే వాటికి చెప్పడానికి ఒక మాట ఉండాలి.

గమనించే పద్ధతికి హద్దులున్నాయి. చెయ్యి ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, ఎందుకు ఆగిందో మనమే ఆలోచించాలి. ముఖచిత్రం వల్లా, పక్కన మనం కూర్చోవడం వల్లా కూడా ఆగి ఉండవచ్చు. అందుకే చివర్లో అడిగే ఆ ఒక్క ప్రశ్నను వదలకూడదు.

రివ్యూల పేజీ మాత్రం ఇంకా కుదరలేదు. అన్ని ఆల్బమ్‌లకూ నాలుగు నక్షత్రాలే. వాయించేది స్నేహితులు, రాసేదీ స్నేహితులే. నక్షత్రాలు తీసేయించాను. "అద్భుతం" లాంటి మాటలు వాడకుండా, పాటలో ఒక చోటు పట్టుకుని అక్కడ ఏం వినిపించిందో రాయమన్నాను. ఒక రచయిత ఇలా రాసుకొచ్చాడు: "రెండో చరణంలో డ్రమ్స్ ఆగిపోయి బేస్ ఒక్కటే మిగిలింది. అప్పటిదాకా దాగిన గొంతులోని వణుకు అక్కడ బయటపడింది." ఈ రెండు వాక్యాలు చదివితే ఆ పాట వినాలనిపిస్తుంది. మిగతా రివ్యూలు ఇంకా ఆ స్థాయికి రాలేదు. రెండో సంచికలో ఆ పేజీతోనే పని మొదలుపెడుతున్నాం.